పోపుల డబ్బాలో ఆరు మాత్రలు

సోంపేట దగ్గరి పల్లె నుంచి ఒక కోడలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇదీ.

ఆమె అత్తగారికి 49 ఏళ్లు. రెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ బయటపడింది. విశాఖలో ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఎనిమిది నెలల నుంచి రోజూ రాత్రి టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకోవాలి. వీటికి తోడు బీపీ మాత్ర, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ ఉన్నాయి. మామగారు ఉద్దానం కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి డయాలిసిస్ చేయించుకుని, నాలుగేళ్ల కిందట పోయారు. అప్పటి నుంచి ఇచ్ఛాపురంలో ఉండే పెద్ద ఆడపడుచుకి ఇంగ్లీషు మందులంటే భయం. మూడు నెలల కిందట ఆవిడ ఒక క్యాప్సూళ్ల డబ్బా తెచ్చారు. పూర్తిగా ఫ్లేవనాయిడ్లు అనే మొక్కల పదార్థాలేననీ, క్యాన్సర్ కణాలను చంపుతాయనీ, జబ్బు మళ్లీ రానివ్వవనీ చెప్పారు. నెలకి 2,800 రూపాయలు. ఆ మందులమ్మే గొలుసులో ఆవిడ కూడా సభ్యురాలిగా చేరారట. క్యాప్సూళ్లు కాక, పొద్దున్నే పెరట్లోని పంపర పనస రసం ఒక గ్లాసు, సాయంత్రం గోరువెచ్చటి నీళ్లలో కమలా తొక్కల పొడి.

పోయిన వారం పోపు వేయబోతూ డబ్బా తీస్తే ఆవాల గిన్నెలో ఆరు టామాక్సిఫెన్ మాత్రలు కనబడ్డాయి. అడిగితే అత్తగారు అన్న మాట ఇది: “ఆ మాత్రేసుకుంటే ఒల్లంతా సెగలొత్తన్నాయే. రేతిరి నిద్దరుండదు. ఈ ఆకుమందుకి అలాటిదేటీ లేదు. రెండూ ఒకే పని సేత్తాయంట, మీ వొదిన సెప్పింది. డాక్టరుకి సెప్పకు, తిడతాడు.” చెప్పనని ఈమె మాటిచ్చేశారు. భర్తని కదిపితే, “అప్ప ఏం చేసినా అమ్మ మంచికే చేస్తుంది” అంటున్నారు. రేపు జబ్బు తిరగబెడితే, క్యాప్సూళ్లు మాన్పించినందుకు నింద తనకే వస్తుంది, ఊరుకుంటే పాపం తనది. ఇంకో మూడు వారాల్లో రివ్యూ. ఆ డబ్బా పారేయనా, మాట తప్పి డాక్టరుకి చెప్పనా, అసలీ ఆకుమందుల వల్ల నష్టం ఉందా అని అడుగుతున్నారు.

అమ్మా,

విజయనగరంలో మందుల షాపు కౌంటరు వెనక 31 ఏళ్లు నిలబడ్డాను. మీ అత్తగారి ఫైలు నేను చూడలేదు, వైద్యం నా పని కాదు. కానీ ఒక మందు ఇంకో మందుకి ఎక్కడ అడ్డుపడుతుందో చూడటమే నా ఉద్యోగం. ఆ కోణంలోంచి నాకు కనబడేది చెబుతాను.

ముందు ఆ ఆరు మాత్రల సంగతి. మీరు ఉత్తరంలో ఎక్కువగా క్యాప్సూళ్ల గురించి రాశారు. నాకు మాత్రం పోపుల డబ్బా చదివినప్పుడే గుండె ఝల్లుమంది. మీ అత్తగారికి ఇచ్చినది ఆడ హార్మోను ఆసరాతో పెరిగే రకం క్యాన్సర్‌కి వాడే మాత్ర. అలాంటి వాళ్లు ఐదేళ్లు దాన్ని వాడితే, పదిహేనేళ్ల లెక్కలో రొమ్ము క్యాన్సర్ మరణాలు మూడోవంతు దాకా తగ్గాయని వేలమంది ఆడవాళ్ల మీద జరిగిన పరీక్షల్లో తేలింది. చవక మాత్ర, చిన్న మాత్ర, చూడటానికి ఏమీ అనిపించదు. ఆపరేషన్ తరువాత ఆవిడకున్న పెద్ద అండ అదే. క్యాప్సూళ్లు ఆ మాత్రతో పోట్లాడతాయా అన్నది రెండో ప్రశ్న. క్యాప్సూళ్లని నమ్ముకుని ఆవిడ మాత్రే మానేస్తున్నారన్నది మొదటిది.

ఇందులో ఒక ఊరట కూడా ఉంది. టామాక్సిఫెన్ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది, సగం దిగడానికే దాదాపు వారం పడుతుంది. కాబట్టి అక్కడొకటి అక్కడొకటి ఆరు మాత్రలు తప్పినంత మాత్రాన చేసిన వైద్యమంతా గంగపాలు కాలేదు. పోయిన మాత్రలకి బదులుగా ఒకేసారి రెండేసి వేయకండి. ఈ రాత్రి నుంచి మామూలుగా ఒకటి.

ఇక ఫ్లేవనాయిడ్లు. వీటిని మీ వదినగారు కొత్తగా కనిపెట్టలేదు, మీరు రోజూ వండుతూనే ఉన్నారు. ఉల్లిపాయలో, మునగాకులో క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్ ఉంటుంది. నేరేడు పండుకి ఆ ఊదారంగు వీటివల్లే. టీ వగరులోనూ ఇవే. క్యాన్సర్ కణాలను చంపుతాయన్న మాట కూడా ఉత్త అబద్ధం కాదు, అందుకే అది అంత తేలిగ్గా నమ్మిస్తుంది. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద పోస్తే కొన్ని చంపుతాయి. అయితే ఆ పళ్లెంలో పోసినంత గాఢత, మనం తిన్నాక రక్తంలో ఎప్పుడూ ఉండదు. పేగు, కాలేయం కలిసి వాటిని గంటల్లో రూపుమార్చి బయటికి పంపేస్తాయి.

మొక్కలోంచి వచ్చింది కాబట్టి పనికిరాదని నేననను. బిళ్ళగన్నేరు మీ గుమ్మం ముందే పూస్తుంటుంది, దానిలోంచి తీసిన విన్‌క్రిస్టిన్‌తో రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్ని బతికిస్తున్నారు. కానీ దాన్ని కొలత ప్రకారం రక్తనాళంలోకి ఎక్కిస్తారు, కాస్త మోతాదు మించితే నరాలే దెబ్బతింటాయి. ఆకులో నిజంగా బలం ఉంటే అది మందే. మందైతే పక్కనున్న మందు మీద చెయ్యేస్తుంది. “ఆకే గదా, ఏటవుద్ది” అన్నవాళ్లందరికీ నేను కౌంటరు దగ్గర చెబుతూ వచ్చింది ఇదే.

అదెలాగో మీ పెరట్లోని పంపర పనసతోనే చెబుతాను. 1989లో కెనడాలో ఒక బీపీ మందుకీ సారాకీ పొత్తు ఎలా ఉంటుందో పరీక్షించారు. సారా రుచి తెలియకుండా ఉండాలని పంపర పనస జాతికే చెందిన గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. తీరా చూస్తే రక్తంలో బీపీ మందు అనుకున్నదానికి ఎన్నో రెట్లుంది. సారా పని కాదది, రసం పని. మన పేగు గోడలో చాలా మందుల్ని విరగ్గొట్టే ఒక ఎంజైమ్ కాపలా ఉంటుంది. గ్రేప్‌ఫ్రూట్‌లోని కొన్ని పదార్థాలు దాన్ని పనిచేయకుండా చేస్తాయి. అవి ఫ్లేవనాయిడ్ల కన్నా ఎక్కువగా ఫ్యూరానోకౌమరిన్లు అనే వేరే రకం. పంపర పనసలోనూ ఉన్నాయి. కాపలా లేకపోతే మందు ఎక్కువగా లోపలికి పోతుంది. చెడిన ఎంజైమ్ స్థానంలో కొత్తది తయారవ్వడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. కాబట్టి “రసం పొద్దున, మాత్ర రాత్రి” అన్న లెక్క కుదరదు.

ఈ ఎంజైమ్ మీద నడిచే మందుల్లో అటోర్వాస్టాటిన్ ఒకటి. ఐదో పేజీలో ఒక మూల మీరు “ఈమధ్య పిక్కలు పీకుతున్నాయంటున్నారు” అని రాశారు. అటోర్వాస్టాటిన్ ఒంట్లో ఎక్కువైతే కండరాల నొప్పి రావచ్చు. రసానికీ ఆ నొప్పికీ సంబంధం ఉందని నేను తేల్చి చెప్పలేను, టామాక్సిఫెన్ వల్ల కూడా ఒళ్లు నొప్పులుంటాయి. కానీ ఈ ఒక్క మాట డాక్టరుకి తప్పకుండా చేరాలి. ఒక కాలే వాచినా, ఆయాసం వచ్చినా, నెలసరి కాని రక్తస్రావం కనబడినా మాత్రం రివ్యూ దాకా ఆగకండి. టామాక్సిఫెన్ వాడేవాళ్లలో వాటిని వెంటనే చూపించుకోవాలి.

డబ్బా మీద లేబుల్ మీరు ఓపిగ్గా ఎత్తి రాశారు. క్వెర్సెటిన్ 500, గ్రీన్ టీ సారం, పైపెరిన్‌తో కలిపిన కర్కుమిన్, సోయా ఐసోఫ్లేవోన్లు. 500 మిల్లీగ్రాముల క్వెర్సెటిన్ కావాలంటే కిలో పైచిలుకు ఉల్లిపాయలు తినాలి. కూరలో వేసుకునేదానికీ క్యాప్సూల్లో కూరేదానికీ తేడా ఎంతో చూడండి.

వీటిలో నేను ఎక్కువగా ఆలోచించింది కర్కుమిన్, పైపెరిన్ జంట గురించి. పసుపులోని కర్కుమిన్ నిజానికి ఫ్లేవనాయిడ్ కాదు, దాని దూరపు చుట్టం. అది ఒంటికి పట్టదు. మిరియాల్లోని పైపెరిన్ తోడైతే పడుతుందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీవాళ్లు చూపించారు. అప్పటి నుంచి ప్రతి డబ్బాలోనూ ఈ జంటే. ఇక్కడ కొనేవాళ్లు గమనించని సంగతి ఒకటుంది. పైపెరిన్ కర్కుమిన్‌ని నిలబెట్టేది, కాలేయం మందుల్ని మార్చి పంపే పనికి అడ్డుపడే. ఆ అడ్డు కర్కుమిన్ దగ్గరే ఆగదు. టామాక్సిఫెన్ చూస్తే, దాని పని సగానికి పైగా కాలేయం చేతిలోనే ఉంది. మింగిన మాత్రని కాలేయం ఎండాక్సిఫెన్‌గా మారుస్తుంది. క్యాన్సర్‌ని పట్టి ఉంచేది ముఖ్యంగా అదే. 2019లో నెదర్లాండ్స్‌లో టామాక్సిఫెన్ వాడుతున్న కొద్దిమంది ఆడవాళ్లకి రోజుకి 3,600 మిల్లీగ్రాముల కర్కుమిన్ ఇచ్చి చూశారు. ఎండాక్సిఫెన్ దాదాపు 8 శాతం తగ్గింది. పైపెరిన్ కూడా కలిపితే 12 శాతం దాటి తగ్గింది. చిన్న పరీక్షే, తగ్గినది కూడా కొండంత కాదు. కానీ ఎండాక్సిఫెన్ అసలే అంతంతమాత్రంగా తయారయ్యే ఒళ్లు కొన్ని ఉంటాయి. మీ అత్తగారిది అలాంటిదో కాదో మనకి తెలియదు.

పులుసులో వేసే పసుపుకీ, చారులో వేసే మిరియాలకీ ఇవేవీ వర్తించవు. చెంచాడు పసుపులో వంద మిల్లీగ్రాముల అటూ ఇటూ కర్కుమిన్ ఉంటుంది. ఇది చదివి వంటింట్లో పసుపు మానేయకండి.

కమలా తొక్కల పొడి ఎవరూ అనుమానించని వస్తువు. ఆ తొక్కలో టాంజెరెటిన్ అనే అసలు సిసలు ఫ్లేవనాయిడ్ ఉంటుంది. 1999లో బెల్జియంలో, మనుషుల రొమ్ము క్యాన్సర్ కణాలను ఎలుకల్లో పెంచి, కొన్నింటికి టామాక్సిఫెన్, కొన్నింటికి తాగే నీళ్లలో టాంజెరెటిన్, కొన్నింటికి రెండూ ఇచ్చారు. గాజు పళ్లెంలో రెండూ కలిసి బాగా పనిచేశాయి కాబట్టి ఎలుకల్లోనూ మేలే జరుగుతుందనుకున్నారు. జరిగింది తలకిందులు. ఒక్క టామాక్సిఫెన్ ఇచ్చినవాటిలో గడ్డ అణిగింది. రెండూ ఇచ్చినవాటిలో అణగలేదు, అవి ముందే చచ్చిపోయాయి. ఎలుక మనిషి కాదు, చిటికెడు పొడి ఆ మోతాదూ కాదు. అయినా ఎనిమిది నెలలుగా టామాక్సిఫెన్ మీద ఉన్న మనిషి రోజూ ఏరి కోరి ఆ తొక్కే తాగాలా అంటే, నా మనసొప్పదు. కమలా తొనలు హాయిగా తినమనండి.

సోయా విషయంలో భయం కన్నా గందరగోళం ఎక్కువ. షాంఘైలో 5,042 మంది రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డ ఆడవాళ్లని చూసిన అధ్యయనం 2009లో వచ్చింది. సోయాని ఆహారంగా తిన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం, చనిపోవడం తక్కువగానే కనబడ్డాయి. మీల్ మేకర్ కూర వండుకుంటే ఏ బాధా లేదు. సారం తీసి గాఢం చేసిన ఐసోఫ్లేవోన్ల సంగతి వేరు. అవి ఆడ హార్మోనుని పోలి ఉంటాయి, అదే చోట వాలతాయి. ఎలుకల్లో జెనిస్టీన్ అనే ఐసోఫ్లేవోన్ టామాక్సిఫెన్ పనిని చెడగొట్టింది కూడా.

గ్రీన్ టీ సారంతో నా భయం కాలేయం గురించి. కప్పు టీకి కాదు. సారంలోని ముఖ్య పదార్థం రోజుకి 800 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ తీసుకుంటే కాలేయం దెబ్బతిన్న గుర్తులు రక్తంలో కనబడుతున్నాయని 2018లో యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది. మీ డబ్బా మీద సారం ఎంత ఉందో రాశారు, అందులో ఆ పదార్థం ఎంత ఉందో రాయలేదు. పైగా అదే పదార్థం మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌కి వాడే బోర్టెజోమిబ్ మందుని నేరుగా పట్టుకుని పనిచేయకుండా చేస్తుందని 2009లో కాలిఫోర్నియా పరిశోధకులు కనిపెట్టారు. వాళ్లు మేలు చేస్తుందనుకుని మొదలుపెట్టిన పని అది. మీ అత్తగారి మందు అది కాదు, కానీ వదినగారు ఇదే డబ్బా ఇంకా ఎవరికి ఇస్తున్నారో మనకి తెలియదు కదా. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురదలు పుట్టినా క్యాప్సూళ్లు ఆ పూటే ఆపి కాలేయం పరీక్ష చేయించండి.

ఇప్పుడు ఇంట్లో సంగతి. ఇది మందుల కన్నా కష్టం.

డబ్బా పారేయాలన్న కోపం నాకు అర్థమైంది. పారేస్తే క్యాప్సూళ్లు ఆగుతాయి, వారంలో ఇచ్ఛాపురం నుంచి కొత్త డబ్బా వస్తుంది, ఈసారి మీకు కనబడని చోటికి. ఆవిడ మాత్రలు దాచింది పోపుల డబ్బాలో, అంటే రోజుకి రెండుసార్లు మీ చెయ్యి పడే చోట. పట్టుబడాలని ఎంతో కొంత మనసులో ఉందేమో అనిపించింది నాకు. ఆ తలుపు మూసేయకండి.

రివ్యూ దాకా నోరు మెదపకుండా ఉండటం ఇంకో దారి. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, ఇచ్చిన మాటా నిలుస్తుంది. కానీ ఆ మూడు వారాల్లో ఇంకెన్ని మాత్రలు ఆవాల్లోకి పోతాయో తెలియదు. రివ్యూలో రక్తపరీక్ష తేడాగా వస్తే, డాక్టరు దాన్ని టామాక్సిఫెన్ తలకి చుట్టి ఆ మాత్రే మార్చవచ్చు, అసలు దోషి సంచిలో ఉండిపోతుంది. మా పెద్దమ్మ విషయంలో ఇలాగే జరిగింది. కీమో నడుస్తుండగా ఎవరో ఇచ్చిన కషాయం మాకెవరికీ చెప్పకుండా తాగింది. కాలేయం లెక్కలు పెరిగి రెండు విడతలు వాయిదా పడ్డాయి. కారణం తెలియక డాక్టర్లు తలపట్టుకుంటుంటే, ఆవిడ మంచం కింద సీసా నా కాలికి తగిలింది. ఆ సీసా చేతిలో పట్టుకుని వరండాలో ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

మీ ఆయన్ని ముందు పెట్టి అప్పతో తేల్చుకోమనడం మూడోది. అది పనిచేయాలంటే ఆయన క్యాప్సూళ్ల నుంచి మొదలుపెట్టకూడదు, డబ్బు నుంచి అసలే వద్దు. సభ్యత్వం మాట వచ్చిందంటే వదినగారు తనని తాను కాపాడుకునే పనిలో పడతారు, అమ్మ పక్కకి పోతుంది. ఆ ఆరు మాత్రలు అప్ప చేతిలో పెట్టి, “అమ్మ ఇవి మానేస్తోంది, నీకు తెలుసా” అని అడగమనండి. తెలియకపోవచ్చు. తండ్రిని డయాలిసిస్ మంచం మీద చూసిన కూతురు, తల్లికి మంచిదనుకున్నది తెచ్చింది. తల్లి మాత్ర మానేయడం ఆవిడ కోరుకున్నది కాకపోవచ్చు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అన్న మాట ఇంటింటా పిల్లలకి కూడా తెలిసిన ఉద్దానంలో, మందులంటే ఆవిడకి భయం ఎందుకో మనం అడగనక్కర్లేదు.

నాకు ఎక్కువ నచ్చేది ఇంకోటి ఉంది, దానికీ ఖరీదుంది. అత్తగారితో క్యాప్సూళ్ల గురించి వాదించకుండా సెగల గురించి మాట్లాడండి. ఆవిడ నిజంగా బాధపడుతున్నారు. అర్ధరాత్రి లేచి తడిసిన జాకెట్టు మార్చుకునే మనిషికి పదిహేనేళ్ల లెక్కలు చెబితే ఎక్కవు. ఆ సెగలకి మందుంది, డాక్టరు రాయగలరు, ఎవరూ తిట్టరు. కానీ మీరు దగ్గర్లోని షాపులో అడిగి తేవద్దు. సెగలకి వాడే దిగులు మందుల్లో పారోక్సెటిన్ లాంటివి టామాక్సిఫెన్ ఎండాక్సిఫెన్‌గా మారకుండా గట్టిగా అడ్డుకుంటాయి. వెన్లాఫాక్సిన్ లాంటిది అంతగా అడ్డుకోదు. ఏది సరిపడుతుందో ఫైలు చూసినవాళ్లే చెప్పాలి. “డాక్టరుకి క్యాప్సూళ్ల సంగతి చెబుదాం” అంటే ఆవిడకి భయం. “నీ సెగలకి మందడుగుదాం, దానికి నువ్వు ఏమేం వాడుతున్నావో వాళ్లు అడుగుతారు, అన్నీ పట్టుకెళ్దాం” అంటే దారి దొరుకుతుంది. మీరిచ్చిన మాట కూడా ఆవిడ సమ్మతితోనే సడలుతుంది. క్యాప్సూళ్లు శాశ్వతంగా మానేయమని అనకండి, “రివ్యూ దాకా పక్కన పెడదాం, డాక్టరు సరే అంటే మళ్లీ మొదలెడదాం” అనండి. వదినగారికీ అదే మాట. దీనిలో ఉన్న చిక్కు ఏమిటంటే, డాక్టరు హడావుడిలో “ఏం పర్లేదు వాడుకోండి” అనేస్తే మీరు ఆ మాటకి కట్టుబడాలి. అందుకని ప్రశ్న కాగితం మీద రాసి ఇవ్వండి: ఇందులో పైపెరిన్, కర్కుమిన్, గ్రీన్ టీ సారం, సోయా ఐసోఫ్లేవోన్లు ఉన్నాయి, టామాక్సిఫెన్‌తో, అటోర్వాస్టాటిన్‌తో కలిపి వాడొచ్చా? అలా అడిగితే ఎవరూ చూడకుండా జవాబివ్వరు. ఆస్పత్రి ఫార్మసీలో ఉన్నవాళ్లకి కూడా చూపించండి, వాళ్లకి తీరిక కాస్త ఎక్కువ.

అత్తగారు ఒప్పుకోకపోతే? అప్పుడు మాట తప్పి చెప్పడమా మానడమా అన్నది మీరే నిర్ణయించుకోవాలి. నేనైతే చెబుతాను, చెప్పబోతున్నానని ముందు రోజు ఆవిడకే చెప్పి మరీ చెబుతాను. ఆవిడ రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. చాటుగా చెప్పి తరువాత తెలిస్తే వచ్చే దూరం అంతకన్నా పెద్దది. మీ ఇంటి మనుషులు నాకన్నా మీకు తెలుసు.

నింద సంగతి రాశారు కదా. రివ్యూకి మీరొక్కరే వెళ్లకండి, వదినగారిని రమ్మనండి. ఇచ్ఛాపురంలో ఆవిడ ఎక్కిన రైలే సోంపేటలో మీరూ ఎక్కవచ్చు. ప్రశ్న కాగితం ఆవిడ చేతికే ఇవ్వండి, డాక్టరు చెప్పేది ఆవిడ చెవులతోనే విననివ్వండి. ఒక గుడ్డసంచిలో మాత్రల అట్టలు, క్యాప్సూళ్ల డబ్బా, కమలా తొక్కల పొడి సీసా వేసుకోండి. పంపర పనస రసం గ్లాసు కొలత ఒక చీటీ మీద రాసి పెట్టండి. పోపుల డబ్బాలో దొరికిన ఆ ఆరు మాత్రలు కూడా చిన్న పొట్లం కట్టి అందులోనే వేయండి.